అడగడం నేర్పిన రూతమ్మ టీచరు

నిన్న పొద్దున అలిపిరి రోడ్డులో జిరాక్స్ షాపుకు పోయాను. పెన్షను వాళ్ళు ఏడాదికోసారి మేం బతికే ఉన్నామని కాగితం అడుగుతారు కదా, దానికోసం. నా ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. కొండ మీదనుంచి అప్పుడే దిగినట్టుంది, నున్నటి గుండు, దానిమీద ఇంకా ఆరని గంధం. ఫ్యాను గాలికి ఆ తడిగంధం వాసనా, యంత్రంలోంచి వచ్చే వేడి కాగితం వాసనా కలిసి నా ముక్కుకు తగిలాయి. అంతే, చేతిలో కాగితం సంగతి మరిచిపోయాను. షాపతను "అవ్వా, మీదేంది? అవ్వా!" అని పిలుస్తూనే ఉన్నాడట. నేను అక్కడ లేను. ఎన్నో ఏళ్ళ వెనక, ఇదే తిరుపతిలో ఒక ఆఫీసు వరండాలో, అలాంటి గుండుతోనే కూర్చుని ఉన్నాను. నా పక్కన రూతమ్మ టీచరు ఉన్నారు.

మొన్న సాయంత్రం నా మనవరాలు కీర్తన పూణే నుంచి ఫోను చేసింది. "అవ్వా, ఈసారి కూడా రాలేదు. ఇంక ఎవురికీ రాయను. అడిగి అడిగి నాకే సిగ్గుగా ఉండాది" అంది. దూరంగా పెరిగినా, అలిసిపోయినప్పుడు దాని నోట మన మాటే వస్తుంది. పై చదువుకు సాయం చేసేవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో వెతికి, ఏడాదిగా అది కంప్యూటరు ముందు కూర్చుని రాస్తూనే ఉంది. అన్నం తిన్నావా అని అడిగి ఊరుకున్నాను. చెప్పాల్సింది ఇప్పుడు తోచింది. నిఖిల్, దాంతోపాటు నువ్వు కూడా విను మనవడా, నీకూ రేపోమాపో ఈ పని తప్పదు.

రూతమ్మ టీచరును మీరెవరూ చూడలేదు. చిత్తూరులో ఆడపిల్లల హైస్కూల్లో మాకు సైన్సు చెప్పేవారు. పొట్టి మనిషి, ఆయాసం. మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, కటకటాలు పట్టుకుని, "మీరు పోతా ఉండండిమ్మే, నాకు ఊపిరి చాలదు" అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చి, మిగతా రోజులు బడి, సాయంత్రాలు మేము. ఆమె ముఖంలో ఎప్పుడూ ఒక అలసట ఉండేది. నవ్వినా ఆ అలసట పక్కకు జరిగేదే తప్ప పోయేది కాదు. పరీక్షల ఫలితాలు వచ్చాయంటే ఆమె ఇంటి వసారా నిండిపోయేది. ఎప్పుడో ఆమె దగ్గర చదివి, పై చదువులకు దారి వెతుక్కునే ఆడపిల్లలంతా అక్కడికే వచ్చేవాళ్ళు. ఏ ధర్మనిధి వాళ్ళు ఎవరికి ఇస్తారు, ఎప్పటిలోగా రాయాలి అన్నీ ఆమె కనుక్కుని పెట్టేవారు. రాయడం మాత్రం మేమే రాయాలి. ఆమె కలం పట్టుకునేవారు కాదు.

నేను చిత్తూరులోనే డిగ్రీ ముగించాను. తిరుపతి యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి సీటు వచ్చింది. మా నాయన ఊళ్ళో గానుగల దగ్గర బెల్లం వండే పని చేసేవాడు. అమ్మ మునెమ్మ ఆయనకు తోడు పొయ్యిలో చెరుకుపిప్పి ఎగదోసేది. చదివించకూడదని వాళ్ళకేం లేదు. చేతకాదు, అంతే. ఎవరైనా సాయం చేస్తే యూనివర్సిటీ, లేదంటే మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పండ్లు కడిగే పని. ఫ్యాక్టరీకి పోయే మా ఊరి ఆడవాళ్ళతో అమ్మ అప్పటికే ఒక మాట వేసి పెట్టింది కూడా.

మా ఊళ్ళో అర్జీలు రాసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన చెప్పగా రాసుకున్నది తీసుకుని టీచరు ఇంటికి పోయాను. "ధర్మప్రభువులైన అయ్యగారి పాదపద్మములకు, కడు బీదరాలను, దిక్కులేనిదానను" అని మొదలవుతుంది. టీచరు కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివారు.

"మీ నాయన ఉండాడా మునిలక్ష్మీ?"

"ఉండాడు టీచర్."

"మీ అమ్మ?"

"ఇప్పుడే గదా టీచర్, బస్సెక్కించి పోయింది."

"మరి దిక్కులేనిదాన్నని రాసినావే! మీ నాయన వింటే ఏమనుకుంటాడు? బతికుండంగానే కర్మ చేసేస్తివి గదా."

వసారాలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె నవ్వలేదు. "బీదతనానికి వేరే కాగితం ఉండాదిమ్మా. తాసిల్దారు సంతకం పెట్టి ఇస్తాడు. దాన్ని వెనక కుట్టు. ముందు కాగితంలో నువ్వుండాల. ఏం సదవాలనుకున్యావు, ఎందుకు? అది రాయి" అన్నారు. కెమిస్ట్రీ అన్నాను. ఎందుకన్నారు. మార్కులు బాగా వచ్చాయన్నాను. "మార్కులు మార్కుల లిస్టులో ఉండాయి" అని లేచి లోపలికి పోయారు.

కాసేపటికి బెల్లం కాఫీ తెచ్చారు. అమ్మ పంపిన బెల్లమే. "మీ నాయన వండిందేనా ఇది? పోయిన తూరి ఇచ్చింది రాయి మాదిరి ఉన్న్యది. ఇది సూడు, చెమటలు కక్కతా ఉండాది" అన్నారు, ఏదో ఇంటి మాట అన్నట్టుగా. నేను కూడా ఇంటి మాట చెప్పినట్టే చెప్పాను. అది ఉప్పునీళ్ళ బావి కింద పండిన చెరుకు. పాకంలో నాయన సున్నం అంతే వేస్తాడు, బెండకాడలు దంచిన జిగురూ అంతే పోస్తాడు, పైకి తేలిన మడ్డి అట్లే తీస్తాడు. చెయ్యి అదే, పెనం అదే. అయినా ఒక బావి చెరుకు గట్టిగా పచ్చగా దిగుతుంది, ఇంకో బావిది నల్లబడి కారిపోతుంది. జిగురు పోస్తే మురికి ఎందుకు పైకి తేలుతుందో నాయనకు తెలియదు, నాకూ తెలియదు. చెబుతూ చెబుతూ కాఫీ చల్లారబెట్టుకున్నాను. ఆమె గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, "ఇదే రాయి" అన్నారు.

రాశాను. మూడు చోట్లకు పంపాం. మొదటి రెండు చోట్ల నుంచీ 'చింతిస్తున్నాము' అని జవాబు వచ్చింది. ఒకటి కాస్త మర్యాదగా, ఒకటి అదీ లేకుండా. రెండోది పట్టుకుని పోయినప్పుడు నేను ఇప్పటి కీర్తన లాగే ఉన్నాను. "ఇంక సాలు టీచర్. బెల్లం గురించి రాస్తే ఎవురిస్తారు? ఆ పెద్దాయన చెప్పినట్టు రాసింటే వచ్చిండునేమో" అన్నాను. ఆ మాట ఆమెకు గుచ్చుకునే ఉంటుంది. ఆయాసం తీర్చుకుంటున్నట్టు కాస్త ఆగి, "ఏమో, వచ్చిండునేమో. వాళ్ళు లేదన్నారు. మనమేమన్నా ఒద్దన్నామా? మూడోది ఉండాది గదా, కాసుకుందాం" అన్నారు. వస్తుందని మాత్రం అనలేదు. ఆమె ఎప్పుడూ వస్తుందని అనేవారు కాదు. అప్పట్లో అది నాకు కరుకుగా తోచేది.

మూడో చోటు తిరుపతిలోనే, ఆడపిల్లల చదువులకు సాయం చేసే ఒక ధర్మనిధి. అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. అసలు సర్టిఫికెట్లు తీసుకుని విచారణకు స్వయంగా రావలెను అని. ఇంటి ముందు నిలబడి అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు 'రావలెను' ఒక్కటే వినిపించింది. మా వైపు ఎవరినైనా ఇంటికి పిలిచారంటే వట్టి చేతులతో పంపరు. లేదనదలుచుకుంటే అసలు పిలవరు, ఎవరితోనో చెప్పి పంపిస్తారు. "పిలిచినారంటే ఇచ్చినట్టే గదమ్మే! ఇయ్యనోళ్ళు పిలస్తారా యాడన్నా?" అని అమ్మ కళ్ళు తుడుచుకుంది. అప్పుడే నాకు తెలిసింది, సాయం దొరికితే నా జుట్టు కొండకు ఇస్తానని ఆమె మొక్కుకుని ఉందని. విచారణ ఇంకా కాలేదమ్మా అని నేనూ, ఒక మాట టీచరమ్మను అడుగు అని నాయనా చెప్పి చూశాం. అమ్మ వినలేదు. ఎట్లాగూ తిరుపతికే పోవాలి, ముందు రోజే బయల్దేరి కొండెక్కి మొక్కు తీర్చేసి, శుభంగా ఆఫీసుకు పోదాం అంది.

కల్యాణకట్టలో తలకు నీళ్ళు చల్లి కత్తి పెట్టేసరికి ఏడుపు వచ్చింది. రెండు జడలు నా ఒళ్ళో పడ్డాయి. అమ్మ మాత్రం చేతులు జోడించి గోవిందలు చెబుతూ నిలబడింది. ఆమె ముఖంలో అంత నెమ్మది నేను అంతకుముందు చూడలేదు, తరువాతా చూడలేదు.

మరునాడు టీచరు చిత్తూరు బస్సు దిగారు. స్టాండులో మమ్మల్ని వెతుక్కుంటూ నా పక్కనుంచే పోయి, వెనక్కి తిరిగారు. నన్ను చూశారు, అమ్మను చూశారు, మళ్ళీ నన్ను చూశారు.

"ఏం పని చేస్తివి మునెమ్మా! అర్జీ మీద రెండు జడల ఫొటో అంటించినాం గదా."

"మొక్కు టీచరమ్మా. పిలుపొచ్చినాక సామిని కాయించేది బాగుంటాదా?"

"మీ సామికేం తొందరలే. తొందరంతా ఆఫీసోళ్ళకే. పోనీ, జుట్టు కొసన మూడు కత్తెర్లు ఇచ్చింటే సరిపోతా ఉండె గదా?"

"అంత పెద్ద సదువుకు మూడు కత్తెర్లా?" అంది అమ్మ, టీచరే తప్పు మాట్లాడినట్టు. టీచరుకు దగ్గు వచ్చిందో నవ్వు వచ్చిందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆఫీసులో టీచరు అనుకున్నదే జరిగింది. గుమాస్తా ఫొటో చూసి, నన్ను చూసి, కాగితాలు పక్కకు తోసేశాడు. "ఈ ఫొటోలో జడల పాప యాడ?" అన్నాడు. నేనే అన్నాను. "నువ్వేనని నాకెట్ల తెలియాల? పొద్దుట్నుంచి ఇదే గోల. అదో, ఆడ ఇంకో ఇద్దరు కూర్చోనుండారు. ఇది ఆఫీసనుకున్యారా, కల్యాణకట్టనుకున్యారా? మొక్కు తీర్చేది పనయినాక గదమ్మా!" నిజంగానే వరండా చివర ఇద్దరు అమ్మాయిలు తలల నిండా గంధంతో కూర్చుని ఉన్నారు. వాళ్ళమ్మలూ మా అమ్మలాగే లెక్కవేసుకున్నారు. తాను ఈ పిల్ల టీచరునని రూతమ్మ గారు చెబితే, "మీరెవరో నాకెట్ల తెలుస్తాది మేడం? ఈ పిల్లే ఆ పిల్లని పెద్దాఫీసరు సంతకంతో కాగితం తెండి. ఈ రోజే ఆఖరు" అన్నాడు. దగ్గరలో ఉన్న ఒక ఆఫీసరు దగ్గరికి పోయాం. తాను ఎరగని పిల్లకు ఎట్లా సంతకం పెడతానన్నాడాయన. ఆయన మాటా న్యాయమే. తిరిగి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాం.

ఎండ వాలుతోంది. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారని పైటకొంగు తలమీదికి లాక్కుని ముడుచుకుని కూర్చున్నాను. పోదాం టీచర్ అన్నాను. అమ్మ అప్పటికి సంగతి అర్థమై, ఒక మూల కూలబడి ఉంది. టీచరు ఆయాసపడుతూనే నా తలమీది కొంగు తీసి భుజాన వేశారు.

"మొక్కు తీర్చినదానివి, దొంగతనం చేసినదానివి కాదు. ఎందుకు దాచుకుంటావు? ఏడవాలంటే బస్సులో ఏడుద్దువు. ఈడ అడగాల్సింది ఉండాది."

"ఎవుర్ని అడగాల టీచర్? అందరూ లేదనిరి గదా."

"లోపల ఇంకొకాయన ఉండాడు, పెద్దాయన. ఇంటికి పోవల్లంటే ఈ దోవనే గదా రావాల? కూర్చో."

కూర్చున్నాం. ఆమె ఎవరితోనూ గొడవపడలేదు. గుమాస్తాను మళ్ళీ బతిమాలలేదు. సంచిలోంచి బన్ను తీసి తుంచి, మా అమ్మకూ ఆ ఇద్దరు అమ్మాయిలకూ పెట్టారు. వాళ్ళలో శ్రీకాళహస్తి నుంచి వచ్చిన కుమారి అనే అమ్మాయి, "మీ పాపేనా అమ్మా?" అని నన్ను చూపించి టీచరును అడిగితే, "ఈ పూటకు మీరంతా నా పాపలే. గుండ్లు సూస్తే ఒక కాన్పు పిల్లల మాదిరే ఉండారు" అన్నారు. అంత దిగులులోనూ కుమారి పకపకా నవ్వింది.

లోపలి ఆఫీసరు బయటికి వచ్చేసరికి గుమాస్తాలు బీరువాలు మూస్తున్నారు. ఆయనా అలిసిపోయి ఉన్నాడు. టీచరు లేచి నమస్కారం పెట్టారు. ఆయన ఏమిటమ్మా అన్నాడు. ఆమె చెబుతారని నేను ఆమె వైపు చూశాను. "నాకు ఊపిరి చాలదు సార్, పాపే చెప్తాది" అన్నారు. అది సాకని నాకు తెలుసు. నా వీపు మీద ఆమె అరచెయ్యి ఆనింది. తోయలేదు, ఊరికే ఆనింది.

చెప్పాను. మొక్కు సంగతి, అమ్మ సంగతి, ఫొటో సంగతి. ఆయన నుదురు రుద్దుకున్నాడు. "ప్రతి ఏడూ ఇదే. సరే, అర్జీలో ఏం రాసినావో చెప్పు" అన్నాడు. బెల్లం గురించి రాశానన్నాను. ఆయన గుమాస్తాను పిలిచి నా అర్జీ తెప్పించుకుని, వరండా వెలుతురులోకి పట్టుకుని, "ఊఁ, చెప్పు" అన్నాడు. ఉప్పునీళ్ళ బావి చెప్పాను. సున్నం, బెండ జిగురు, పైకి తేలే మడ్డి చెప్పాను. చెబుతుంటే గుండు సంగతి మరిచిపోయాను. ఆయన కాగితం మీదనుంచి తలెత్తి, "అంతా బెల్లమే ఉండాదే! ఇంటి కష్టాలు ఒక్క ముక్కా రాయలేదేం?" అన్నాడు.

"అది ఆదాయం సర్టిఫికెట్‌లో ఉండాది సార్. వెనక కుట్టినాను."

ఆయన అర్జీ మీద ఏదో రాసి సంతకం పెట్టి, "రేపు ఇప్పుడెట్లుండావో అట్లే ఫొటో తీయించుకోని రా. సెలక్షను కమిటీ చేతిలో ఉండాది, నా చేతిలో లేదు" అన్నాడు. టీచరు చేతితో పక్కకు చూపించి, "ఆ ఇద్దరు కూడా సార్" అన్నారు. కుమారీ, ఇంకో అమ్మాయీ లేచి నిలబడ్డారు. ఆయన చెప్పులు విప్పి, వాళ్ళ అర్జీలకోసం మళ్ళీ లోపలికి నడిచాడు.

నాకు సాయం మంజూరైంది. నా యూనివర్సిటీ గుర్తింపు కార్డు మీద ఉన్నది ఆ గుండు ఫొటోనే. లైబ్రరీలో చూపించినప్పుడల్లా నవ్వేవాళ్ళు. డబ్బు మాత్రం చలికాలం పోయాక గాని రాలేదు. అందాకా టీచరు ఎన్నిసార్లు బస్సెక్కి వచ్చి ఆ బల్ల మీద కూర్చున్నారో నాకు తెలియదు. నేను కెమిస్ట్రీ లెక్చరరునై, మీ అమ్మను పెంచి, రిటైరయ్యాను. ఇదంతా మీకు తెలిసిందే.

తెలియనిది కుమారి సంగతి. ఆమెకు ఆ ఏడు రాలేదు. మళ్ళీ రాయమని టీచరు ఉత్తరం వేశారు. జవాబు లేదు. ఒక సెలవురోజున ఆయాసంతోనే బస్సెక్కి శ్రీకాళహస్తి పోయారు. కుమారిని అరవదేశంలో ఏదో మిల్లు పనికి పంపేశారట. ఆ సాయంత్రం నేను టీచరు ఇంట్లోనే ఉన్నాను. చెప్పులు కూడా విప్పకుండా వసారాలో కూర్చుని, "ఉత్తరం రాసి ఊరుకుంటిని మునీ. పోయుండాల్సింది" అన్నారు. ఆమె కళ్ళలో నేను నీళ్ళు చూసింది అప్పుడే. నేను అడిగాను, ఇన్నేళ్ళుగా ఇందరికోసం ఇదే పని, మీకు విసుగు పుట్టదా టీచర్ అని.

"పుట్టకేం? రోజూ పుడతాది. విసుగు పుట్టిందని అడిగేది మానేస్తే లేదనేవోళ్ళకు ఇంకా సులువు గదమ్మా" అన్నారు. చెప్పులు విప్పుతూ, "ఆ పిల్ల నవ్వు బాగుండె" అన్నారు.

ఆమె పోయి చాలా కాలమైంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను కూడా నా స్టూడెంట్ల చేత అర్జీలు రాయించాను. కొందరికి వచ్చింది, చాలామందికి రాలేదు. రానివాళ్ళ ముఖాలే నాకు ఎక్కువ గుర్తున్నాయి. అందుకే కీర్తనా, వస్తుందిలే అని నేను చెప్పను. ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేను. అర్జీతో నువ్వు పంపిన వ్యాసం నిఖిల్ నాకు ఫోనులో చదివి వినిపించాడు. మాటలన్నీ బాగున్నాయి. అందులో నువ్వు కనపడలేదు తల్లీ. పూణేలో నువ్వు రోజూ పోయే ల్యాబులో ఏం చూస్తున్నావు, ఏది నీకు అంతుపట్టడం లేదు, అది రాయి. మిగతావాటికి వేరే కాగితాలు ఉంటాయి.

ఆదివారం ఫోను చెయ్యి. ఫోను పెట్టేయకుండా పక్కన ఉంచుకుని నువ్వు రాసుకుంటూ ఉండు. నేను ఏమీ మాట్లాడను. నీకు రాయడం అయ్యేదాకా ఇవతల ఊరికే కూర్చుంటాను.